మనసు మాటకు మాతృభాష
చమఖండి, బరంపురం ప్రాంతాల తెలుగు కుటుంబాలకు భావోద్వేగ ఆరోగ్య పాఠం

పాఠం ఉద్దేశం

ఒంటికి జ్వరం వస్తే ఎక్కడికి వెళ్ళాలో, ఏమని చెప్పాలో ప్రతి ఇంటికీ తెలుసు. మనసుకు కష్టం కలిగినప్పుడు మాత్రం ఎవరితో చెప్పుకోవాలో, ఏ మాటలతో చెప్పాలో, చెప్పిన తరువాత ఏమవుతుందో చాలామందికి తెలియదు. ఇంటి భాష ఒకటి, ఆసుపత్రి భాష మరొకటిగా జీవించేవారికి ఈ ఇబ్బంది రెట్టింపవుతుంది. ఈ పాఠం చదివినవారు మూడు పనులు చేయగలగాలి. మనోవేదన గుర్తులను తమలోను, తమవారిలోను సకాలంలో గుర్తించడం మొదటిది. చికిత్స దొరికే చోటికి వెళ్ళి, తమకు వచ్చిన భాషలో బాధ చెప్పుకోవడం రెండవది. మనసుకు బలమిచ్చే అలవాట్లను, బంధాలను నిలుపుకోవడం మూడవది.

1. గంజాం నేలపై తెలుగువారు, వారి మనోభారాలు

గంజాం జిల్లాకు తెలుగు కొత్త భాష కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు ఈ జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉండేది. బరంపురంలో పట్టు నేసే కుటుంబాలు, వర్తకుల కుటుంబాలు, గోపాలపురం తీరం వెంబడి వేటకు వెళ్ళే నొలియా కుటుంబాలు తరతరాలుగా ఇక్కడే ఉంటూ ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నాయి. చమఖండి, ఛత్రపురం పరిసరాలలో పరిశ్రమలు, ఓడరేవు పనులు పెరిగాక శ్రీకాకుళం వైపు నుంచి ఉపాధి కోసం వచ్చినవారు వీరికి తోడయ్యారు. మరోవైపు గంజాం జిల్లా నుంచే వేలాదిమంది సూరత్ మగ్గాల పనికి వెళుతున్నారు. అందువల్ల ఇక్కడి కొన్ని ఇళ్ళలో వచ్చినవారి బెంగ, వెళ్ళినవారి బెంగ రెండూ ఒకే కప్పు కింద ఉంటాయి.

ఒక్కొక్కరి భారం ఒక్కొక్క తీరుగా ఉంటుంది. అద్దె గదిలో నలుగురితో కలిసి ఉండే కార్మికుడికి చుట్టూ మనుషులున్నా మనసు విప్పే మనిషి ఉండకపోవచ్చు. ఆంధ్ర నుంచి కోడలిగా వచ్చిన యువతికి అత్తవారు మంచివారే అయినా, కోపం వచ్చినా దుఃఖం వచ్చినా దాన్ని ఒడియాలో చెప్పేంత మాట ఇంకా పట్టుబడకపోవచ్చు. భర్త సూరత్‌లో ఉన్న ఇల్లాలు అప్పు, పిల్లల చదువు, అత్తమామల ఆరోగ్యం ఒంటి చేత్తో మోస్తూ, ఫోనులో మాత్రం "అంతా బాగానే ఉంది" అంటుంది. మనుమలు ఒడియా, ఇంగ్లీషు చదువులలో పెరుగుతూ ఉంటే తాతగారికి తన ఇంట్లోనే మాట్లాడే తోడు తగ్గిపోతుంది. తీరప్రాంతవాసులకు తుఫానుల జ్ఞాపకం వీటికి అదనం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం సమీపంలోనే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లా పలాస సమీపంలో తీరం దాటి, రెండు రాష్ట్రాల సరిహద్దు గ్రామాలను అతలాకుతలం చేసింది. ఇల్లు మళ్ళీ కట్టుకున్న తరువాత కూడా గాలి హోరు వినబడగానే కొందరికి గుండె దడ మొదలవుతుంది.

ఇవి బలహీనుల లక్షణాలు కావు. భారం మోసే ప్రతి మనసుకూ అలసట ఉంటుంది. ఆ అలసట ఎప్పుడు జబ్బుగా మారుతుంది, మారకముందే ఏమి చేయవచ్చు అన్నదే ఈ పాఠం విషయం.

2. మనసు బాధ ఒంటి మాటగా వచ్చినప్పుడు

తెలుగులో మనోవేదనను చెప్పే పలుకుబడులలో చాలాభాగం శరీరం చుట్టూ అల్లుకున్నవే. "గుండె బరువుగా ఉంది", "కడుపులో దేవినట్లుంది", "తల పగిలిపోతోంది", "కాళ్ళూ చేతులూ ఆడడం లేదు" అంటాము. ఇది భాష లోపం కాదు. బాధ నిజంగానే ఒంట్లో తెలుస్తుంది. దిగులు, ఆందోళన ముదిరినప్పుడు నిద్ర, ఆకలి, జీర్ణశక్తి, గుండె వేగం అన్నీ మారుతాయి. అయితే వైద్యుని ముందు "తలనొప్పి" అన్న ఒక్క మాటే చెప్పి ఊరుకుంటే, తలనొప్పి మాత్రలే దొరుకుతాయి. నెలల తరబడి పరీక్షలు, మందులు మారుతూ ఉంటాయి. అసలు కారణం మాత్రం అడిగేవారు, చెప్పేవారు లేక అలాగే ఉండిపోతుంది.

ఇది తెలుగువారికే పరిమితమైన విషయం కాదు. ఆఫ్రికాలోని జింబాబ్వేలో షోనా భాష మాట్లాడేవారు దిగులుజబ్బును "కుఫుంగిసీసా" అంటారు. "అతిగా ఆలోచించడం" అని దాని అర్థం. అక్కడి మానసిక వైద్యుడు డిక్సన్ చిబాండా 2006లో, మానసిక వైద్యులు అతి తక్కువగా ఉన్న ఆ దేశంలో, వాడలలోని పెద్దవయసు స్త్రీలకు శిక్షణ ఇచ్చి ఆరోగ్య కేంద్రాల ఆవరణలో చెక్క బల్లల మీద కూర్చోబెట్టారు. ఆ బామ్మలు వచ్చినవారిని జబ్బు పేరుతో పలకరించలేదు. జనం వాడే మాటతోనే మొదలుపెట్టి, మనసులోది చెప్పనిచ్చి, ఉన్న సమస్యలలో ఒకదాన్ని ఎంచుకోమని, దానికి చేయగల చిన్న పనిని ఆలోచించేలా చేశారు. 2016లో వెలువడిన పరిశోధన ఫలితాల ప్రకారం, ఆ బల్ల దగ్గర కూర్చున్నవారికి ఆరు నెలల తరువాత దిగులు లక్షణాలు మిగతావారి కన్నా గణనీయంగా తగ్గాయి. సొంత భాషలో, శ్రద్ధగా, ఒక పద్ధతి ప్రకారం వినడం వైద్యంలో భాగమేనని ఈ అనుభవం చెబుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఒంటి బాధ అంతా మనసు వల్లనే అనుకోరాదు. రక్తహీనత, థైరాయిడ్ లోపం, మధుమేహం, గుండెజబ్బు వంటివి కూడా నీరసాన్ని, దడను, నిద్రలేమిని కలిగిస్తాయి. ముందు సాధారణ పరీక్షలు చేయించుకోవాలి. వాటిలో కారణం కనబడకపోతే, లేదా మందులు వాడినా బాధ తగ్గకపోతే, మనసు సంగతి కూడా వైద్యునితో ప్రస్తావించాలి. గాలి సోకిందని, దిష్టి తగిలిందని మొక్కుకునేవారు మొక్కును మానుకోనక్కరలేదు. మొక్కు తీరే వరకు చికిత్స వాయిదా వేయడమే ప్రమాదం.

3. మనసుకూ ప్రమాద సూచికలు

గంజాం తీరవాసులకు ఓడరేవులో ఎగురవేసే ప్రమాద సూచికలు బాగా తెలుసు. తక్కువ అంకె దూరాన ఉన్న వాయుగుండానికి హెచ్చరిక. పదో నంబరు అతి తీవ్రమైన ప్రమాదానికి గుర్తు. ఫైలిన్ వచ్చినప్పుడు లక్షలాది ప్రజలను ముందుగానే సురక్షిత ప్రదేశాలకు తరలించినందువల్లనే అంత పెద్ద తుఫానులో ప్రాణనష్టం తక్కువగా ఉన్నది. మనసు విషయంలోనూ హెచ్చరికలను అంచెలుగా చదువుకోవచ్చు.

మొదటి అంచె: కొన్ని రోజులుగా నిద్ర చెదరడం, చిరాకు, పని మీద ధ్యాస లేకపోవడం, చిన్న మాటకే కన్నీరు రావడం. విశ్రాంతి, తోడు, మాట ఈ దశలో చాలా మేలు చేస్తాయి.

రెండవ అంచె: దిగులు గాని, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గాని రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువ భాగం ఉండడం, ఆకలి, నిద్ర బాగా మారిపోవడం, తాను పనికిరానివాడినన్న భావన, కారణం లేకుండా హఠాత్తుగా దడ, చెమట, ఊపిరాడని భయం, మద్యం మోతాదు పెరగడం, తుఫాను, ప్రమాదం వంటి సంఘటన జరిగి నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు తగ్గకపోవడం. ఈ దశలో వైద్య సహాయం తీసుకోవాలి.

మూడవ అంచె: బ్రతికి ఏం లాభమన్న మాటలు, చావు గురించిన ఆలోచన, ఎవరికీ వినబడని గొంతులు వినబడడం, తిండి, నీరు పూర్తిగా మానేయడం, తనకు గాని, ఇతరులకు గాని హాని చేసే ప్రయత్నం. ఇది పదో నంబరు సూచిక. ఆ రోజే, ఆ గంటలోనే సహాయం అందాలి.

బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015–16లో 12 రాష్ట్రాలలో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, వయోజనులలో సుమారు పదిమందికి ఒకరు ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నట్లు తేలింది. వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదని కూడా తేలింది. కాబట్టి రెండవ అంచెలో ఉన్న వ్యక్తి "నాకొక్కడికే ఇలా ఎందుకు" అని కుమిలిపోనక్కరలేదు. ఆ వీధిలోనే మరికొందరు అదే ప్రశ్న వేసుకుంటూ మౌనంగా ఉండి ఉంటారు.

4. చికిత్స అంటే ఏమి జరుగుతుంది

మానసిక చికిత్స అనగానే గొలుసులు, కరెంటు, జీవితాంతం మత్తుమందులు గుర్తుకు వచ్చేవారు ఇంకా ఉన్నారు. ఎక్కువమంది విషయంలో చికిత్స అంటే ఒక గదిలో కూర్చుని మాట్లాడడం, అవసరమైతే కొంతకాలం మందు వాడడం మాత్రమే. రాత్రి ఆసుపత్రిలో ఉండవలసిన అవసరం కూడా సాధారణంగా రాదు.

మానసిక వైద్యుడు వైద్యశాస్త్రం చదివినవారు. రోగనిర్ణయం చేసి మందులు రాస్తారు. మనస్తత్వ నిపుణులు, కౌన్సెలర్లు మాటల ద్వారా చికిత్స చేస్తారు. మొదటి రోజున నిద్ర, ఆకలి, పని, కుటుంబం, మద్యపానం, పాత జబ్బులు, మనసులో తిరిగే ఆలోచనలు అడుగుతారు. ఈ ప్రశ్నలు తప్పు పట్టడానికి వేసేవి కావు. ఎంత నిజంగా సమాధానమిస్తే అంత సరైన చికిత్స దొరుకుతుంది.

మాటల చికిత్సలో ఎక్కువగా వాడే పద్ధతులలో ఒకటి ఆలోచనలను పరిశీలించడం. అమెరికా వైద్యుడు ఆరన్ బెక్ 1960లలో దీన్ని రూపొందించారు. ఉదాహరణకు, రాత్రి షిఫ్టు ముగించి వచ్చిన కార్మికుడు ఊళ్ళో ఉన్న భార్యకు ఫోను చేస్తాడు. ఆమె ఎత్తదు. "నన్ను లెక్కచేయడం లేదు" అన్న ఆలోచన వస్తుంది. వెంటనే కోపం, ఆ కోపంలో మద్యం, మరుసటి రోజు తగవు. ఫోను ఎత్తకపోవడం ఒక సంఘటన. లెక్కచేయడం లేదన్నది దానికి మనసు చెప్పిన అర్థం. ఆ అర్థానికి ఉన్న ఆధారాలు ఏమిటి, ఆమె నిద్రలో ఉండవచ్చా, ఫోను మరో గదిలో ఉండవచ్చా అని విచారించుకోవడం నేర్చుకుంటే కోపం దానంతట అదే కొంత దిగుతుంది. చికిత్సకుడు ఈ నేర్పును అభ్యాసంగా మారుస్తారు.

మరొక పద్ధతి చిన్న పనుల ద్వారా మనసును కదిలించడం. దిగులులో ఉన్న మనిషి "మనసు బాగుపడ్డాక పని చేస్తాను" అనుకుంటాడు. ఈ పద్ధతి పనితోనే మొదలుపెడుతుంది: ఉదయం ఒకే సమయానికి లేవడం, స్నానం, పది నిమిషాల నడక, ఒక స్నేహితునికి ఫోను. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో శిక్షణ పొందిన సామాన్య కార్యకర్తలు ఆరు నుంచి ఎనిమిది విడతలలో ఈ పద్ధతిని నేర్పగా, తీవ్రమైన దిగులుతో ఉన్నవారికి మేలు కలిగిందని 2017లో పరిశోధకులు ప్రకటించారు.

మందుల గురించి మూడు విషయాలు తెలుసుకోవాలి. దిగులుకు ఇచ్చే మందు తలనొప్పి మాత్రలా అరగంటలో పనిచేయదు. గుణం కనిపించడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది. గుణం కనబడగానే సొంతంగా మానేయరాదు. తరువాత కూడా కొన్ని నెలలు వాడమని వైద్యులు చెబుతారు. దుష్ఫలితాలు ఉంటే మందు పారేయకుండా వైద్యునికి చెప్పాలి. మోతాదును గాని, మందును గాని మార్చే వీలు ఉంటుంది.

బరంపురంలో 1962లో స్థాపించిన ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అంతదూరం వెళ్ళలేనివారు సమీప ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోని వైద్యునితో మొదలుపెట్టవచ్చు. దారి తెలియకపోతే ఆశా కార్యకర్తను అడగవచ్చు. ఇంటి నుంచి కదలలేనివారికి 14416 నంబరుపై టెలీమానస్ సేవ ఉంది. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు, కేంద్ర ప్రభుత్వం దీన్ని ప్రారంభించింది. ఈ సేవ ఉచితం. పగలూ రాత్రీ అందుబాటులో ఉంటుంది. ఫోను చేసినవారు తమ భాషను ఎంచుకోవచ్చు. ఆ భాషలలో తెలుగు ఒకటి.

5. భాష అడ్డు కాకూడదు

ఒకప్పటి గంజాం జిల్లాకు చెందిన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి సవర భాషను స్వయంగా నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని పాటుపడ్డారు. తెలియని భాషలో చెప్పిన పాఠం పిల్లవాడి మనసులోకి వెళ్ళదని ఆయన గ్రహించారు. చికిత్స విషయంలోనూ ఇంతే. బజారులో బేరమాడేంత ఒడియా వచ్చినవారికి కూడా దుఃఖం చెప్పుకునేటప్పుడు తెలుగే నోటికి వస్తుంది.

ఈ అవసరాన్ని చట్టం గుర్తించింది. 2018 మే 29 నుంచి అమలులో ఉన్న 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం, చికిత్స పొందే వ్యక్తికి తన జబ్బు గురించి, ప్రతిపాదించిన చికిత్స గురించి సమాచారం తనకు అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే రూపంలో పొందే హక్కు ఉంది. 18వ సెక్షన్ మత, కుల, లింగ, సంస్కృతి భేదం లేకుండా మానసిక వైద్యం పొందే హక్కును ఇస్తుంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు, కార్డు చేతిలో లేకపోయినా, ప్రభుత్వం నడిపే మానసిక వైద్య కేంద్రాలలో ఉచిత చికిత్సకు అర్హులు. రేషన్ కార్డు సొంత ఊళ్ళో వదిలి వచ్చిన వలస కార్మికులు ఈ నిబంధనను గుర్తుంచుకోవాలి. 23వ సెక్షన్ ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంటాయి.

ఆచరణలో మాత్రం చాలాచోట్ల తల్లి వెంట ఒడియా బడిలో చదివే కొడుకో కూతురో వెళ్ళి అనువాదం చేస్తారు. పన్నెండేళ్ళ పిల్లవాడి ఎదుట తల్లి తన దాంపత్యం గురించి గాని, చావు ఆలోచన గురించి గాని చెప్పలేదు. చెప్పినా ఆ పిల్లవాడు మోయలేడు. భర్త వేధింపే కారణమైతే భర్తను అనువాదకుడిగా కూర్చోబెట్టడం మరింత ప్రమాదం. కాబట్టి రెండు భాషలూ వచ్చిన, నమ్మకమైన పెద్దవయసు వ్యక్తిని తోడు తీసుకువెళ్ళాలి. అనువదించే వ్యక్తి తన అభిప్రాయం కలపకుండా, సిగ్గనిపించిన మాటను వదిలేయకుండా, ఉన్నదున్నట్లు చెప్పాలి; విన్నది బయట చెప్పరాదు. ఆసుపత్రికి వెళ్ళే ముందు బాధను తెలుగులో అయిదారు వాక్యాలుగా కాగితం మీద రాసుకుంటే మరీ మంచిది. ఎప్పటి నుంచి, ఎంత తరచుగా, దేనితో పెరుగుతోంది, దేనితో తగ్గుతోంది అన్నవి అందులో ఉండాలి.

ఎవరూ తోడు లేనప్పుడు ఈ ఒడియా వాక్యాలు పనికివస్తాయి:

మనసు బాగాలేదు – మన భల నాహిఁ
నిద్ర పట్టడం లేదు – నిద హేఉ నాహిఁ
ఆకలి వేయడం లేదు – భోక హేఉ నాహిఁ
భయం వేస్తోంది – డర లాగుఛి
గుండె దడదడలాడుతోంది – ఛాతి ధడధడ హేఉఛి
బ్రతకాలని అనిపించడం లేదు – బంచిబాకు ఇచ్ఛా నాహిఁ
ఏకాంతంగా మాట్లాడాలనుకుంటున్నాను – ముఁ ఏకాంతరే కథా కహిబాకు చాహుఁఛి

వీటిలో చివరి రెండు వాక్యాలను ఇంట్లో అందరూ నేర్చుకోవడం మంచిది.

6. స్వీయ సంరక్షణ

తన్ను తాను చూసుకోవడం స్వార్థం కాదు. సంపాదించి పంపే మనిషి పడిపోతే ఇల్లంతా పడిపోతుంది.

నిద్ర: రాత్రి షిఫ్టు చేసేవారు పగటి నిద్రకు కిటికీకి మందపాటి గుడ్డ కట్టి, ఫోనును దూరంగా పెట్టి, వీలైనంతవరకు రోజూ ఒకే వేళకు పడుకోవాలి. గదిలో నలుగురూ వేర్వేరు షిఫ్టులైతే, పడుకున్నవారి వేళలో దీపం, శబ్దం ఉండరాదని అందరూ కలిసి నియమం పెట్టుకోవాలి.

మద్యం: మద్యం తొందరగా నిద్ర పట్టించినట్లు కనిపిస్తుంది. తెల్లవారుజామున ఆ నిద్రనే చెదరగొడుతుంది. మరునాడు దిగులును పెంచుతుంది. చాలాకాలంగా రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానితే వణుకు, మూర్ఛ రావచ్చు. అటువంటివారు వైద్యుని సలహాతోనే మానాలి.

నడక: వారంలో చాలా రోజులు అరగంట చొప్పున నడవడం మనసుకూ మందే. ఒంటరిగా కన్నా ఒకరితో కలిసి నడిస్తే నడకతో పాటు మాట కూడా సాగుతుంది.

చింతకు వేళ: రోజంతా వెంటాడే చింతలకు సాయంత్రం పదిహేను నిమిషాలు కేటాయించి కాగితం మీద రాయాలి. చేయగలిగినది ఏదైనా ఉంటే దాని పక్కన తేదీ వేయాలి. చేయలేనిదాన్ని కాగితం మీదనే వదిలేయాలి. మిగతా సమయంలో ఆ చింత వచ్చినప్పుడు దాన్ని సాయంత్రానికి వాయిదా వేయడం క్రమంగా అలవాటవుతుంది.

శ్వాస: దడ వచ్చినప్పుడు నెమ్మదిగా ముక్కుతో గాలి పీల్చి, అంతకన్నా నెమ్మదిగా వదలాలి. కొన్ని నిమిషాలు ఇలా చేస్తే ఒంటికి కొంత నెమ్మది కలుగుతుంది.

తుఫాను కాలంలో అధికారిక హెచ్చరికలను రోజుకు రెండు మూడుసార్లు వింటే చాలు. ఫోనులో తిరిగే పాత దృశ్యాలను రాత్రంతా చూస్తూ కూర్చుంటే భయం పెరుగుతుంది. పత్రాలు, మందులు, టార్చి ఒక సంచిలో ముందే సర్దిపెట్టుకుంటే చేయవలసింది చేశామన్న ధైర్యం ఉంటుంది.

ఈ అలవాట్లు చికిత్సకు తోడు మాత్రమే. రెండవ, మూడవ అంచెలలో ఉన్నవారు వీటితోనే సరిపెట్టుకోరాదు.

7. ఆరోగ్యకరమైన బంధాలు

బరంపురంలో రెండేళ్ళకొకసారి జరిగే ఠాకురాణి యాత్రలో బుఢీ ఠాకురాణి అమ్మవారు గుడి నుంచి పుట్టింటికి వస్తుందని ప్రజల నమ్మకం. నేతపనివారి కులపెద్ద దేశిబెహరా ఇంటిని ఆమె పుట్టిల్లుగా భావిస్తారు. అమ్మవారికి కూడా కొంతకాలం పుట్టింట ఉండాలనిపిస్తుందని ఊరంతా అంగీకరించే ఈ ఆచారంలో ఒక లోకానుభవం ఉంది. ఊరు మారి బ్రతికే ప్రతివారికీ "పుట్టిల్లు" లాంటి చోటు ఒకటి కావాలి. అది సొంత ఊరే కానక్కరలేదు. వారానికొకసారి కలిసే ఇద్దరు స్నేహితులు, వీధిలోని వదినగారు, తెలుగు సంఘం, భజన బృందం, పనిచోట ఒడియా మిత్రుడు ఎవరైనా ఆ చోటు కావచ్చు. తెలుగువారితోనే మెలగాలన్న నియమం కూడా లేదు. పొరుగు ఒడియా కుటుంబంతో స్నేహం ఉంటే ఆపదలో మొదట తలుపు తీసేది వారే.

దగ్గరివారిలో మార్పు కనిపించినప్పుడు అడిగే తీరు ముఖ్యం. "ఏమైంది నీకు, ఎప్పుడూ ముఖం మాడ్చుకుని ఉంటావు" అంటే తలుపు మూసుకుంటుంది. "వదినా, నాలుగు రోజులుగా మీరు సరిగా తినడం లేదు, నాకు బెంగగా ఉంది. ఏమైనా చెప్పాలనిపిస్తే నేను వింటాను" అంటే తెరుచుకునే అవకాశం ఉంది. "తమ్ముడూ, నిద్ర పడుతోందా?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టడం మగవారి విషయంలో ఎంతో తేలిక. వినేటప్పుడు మధ్యలో సలహా ఇవ్వరాదు. "మాకు ఇంతకన్నా పెద్ద కష్టాలు వచ్చాయి", "ధైర్యంగా ఉండాలి" అన్న మాటలు, మంచి ఉద్దేశంతో అన్నా, చెప్పేవారి నోరు మూయిస్తాయి. విన్న తరువాత "ఇప్పుడు ఏమి చేస్తే మీకు కొంచెం తేలికవుతుంది" అని అడగాలి. అవసరమైతే ఆసుపత్రికి తోడు వస్తానని చెప్పాలి.

దూరాన ఉన్నవారితో మాట కూడా ఒక పద్ధతిలో సాగాలి. సూరత్‌లోని భర్తకు, ఇక్కడి భార్యకు మధ్య ప్రతి ఫోనూ డబ్బు లెక్కలతోనే ముగిస్తే, కొన్నాళ్ళకు ఇద్దరూ ఫోనంటే భయపడతారు. వారానికి ఒక రోజు లెక్కలకు కేటాయించి, మిగతా రోజులలో పిల్లవాడి బడి సంగతో, వండిన కూర సంగతో మాట్లాడుకోవచ్చు. తాతగారి దగ్గర మనుమలు రోజూ పది నిమిషాలు తెలుగు అక్షరాలు దిద్దితే, ఇద్దరికీ మేలు కలుగుతుంది.

అన్ని బంధాలూ ఆరోగ్యకరం కావు. తాగకపోతే స్నేహం లేదనే బృందం, అప్పు ఇచ్చి అవమానించే మనిషి, కొట్టి తరువాత బుజ్జగించే భర్త మనసును తినేస్తారు. "వద్దు" అనడం, దూరం జరగడం కూడా ఆరోగ్య రక్షణే. గృహహింసకు గురైన స్త్రీలు 181 నంబరుకు ఫోను చేయవచ్చు.

8. ప్రాణాపాయ వేళ

"చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది" అన్న సామెత తెలుగువారిలో ఉంది. మనోవేదన విషయంలో దాని రెండవ సగమే నిజం. చెప్పుకోవడం వల్ల మానం పోదు.

ఎవరైనా బ్రతుకు మీద విరక్తిగా మాట్లాడితే, సూటిగా, మెల్లగా "చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అని అడగాలి. ఇలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగేవారు దొరికినందుకు చాలామంది ఊరట పొందుతారు. అవునని సమాధానం వస్తే ఆ వ్యక్తిని ఒంటరిగా వదలరాదు. పురుగుమందులు, ఎక్కువ మాత్రలు, తాళ్ళు, పదునైన వస్తువులు ఇంట్లోంచి తీసివేయాలి. 14416కు ఫోను చేయాలి. ప్రయత్నం జరిగిపోయి ఉంటే 108 అంబులెన్సును గాని, అత్యవసర సేవ 112ను గాని పిలిచి, వెంటనే ఆసుపత్రికి తరలించాలి.

పోలీసు కేసు అవుతుందన్న భయంతో విషం తాగినవారిని ఇంట్లోనే దాచిపెట్టడం వల్ల ప్రాణాలు పోతాయి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లు భావించాలి. ఆ వ్యక్తిని విచారించి శిక్షించరాదు. ఆ వ్యక్తికి సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించే బాధ్యత ప్రభుత్వానిది. ఈ ఒక్క విషయం వీధిలో పదిమందికి తెలిసినా ఒక ప్రాణం నిలబడవచ్చు.

పాఠ సారాంశం

మనోవేదన తరచుగా ఒంటి బాధగా బయటపడుతుంది. రెండు వారాలకు మించిన దిగులుకు వైద్య సహాయం అవసరం. చికిత్స అంటే ముఖ్యంగా మాట. అవసరమైతే దానికి తోడు మందు. అర్థమయ్యే భాషలో సమాచారం పొందడం చట్టం ఇచ్చిన హక్కు. పిల్లలను అనువాదకులుగా తీసుకువెళ్ళరాదు. నిద్ర, నడక, మితి, మాట రోజువారీ రక్షణలు. ప్రాణాపాయ వేళ సూటిగా అడగాలి, తోడుండాలి, ఆలస్యం చేయరాదు.

ఆలోచనకు, అభ్యాసానికి

1. మనసు బాగాలేనప్పుడు మీ ఇంట్లో ఏ మాటలు వాడతారు? వాటిలో ఒంటి మాటలు ఎన్ని, మనసు మాటలు ఎన్ని?
2. అర్ధరాత్రి కష్టం వస్తే ఫోను చేయగల ముగ్గురి పేర్లు రాయండి. ముగ్గురు లేకపోతే, ఈ నెలలో ఎవరితో పరిచయం పెంచుకోవచ్చు?
3. అయిదవ భాగంలోని ఒడియా వాక్యాలను ఇంట్లో ఇద్దరిద్దరుగా బిగ్గరగా చదవండి. ఒడియా వచ్చిన పొరుగువారి చేత ఉచ్చారణ సరిచేయించుకోండి.
4. 14416, 112, 108, 181 నంబర్లను పెద్ద అక్షరాలతో రాసి, తలుపు వెనుక పిల్లలకు కూడా కనబడేలా అతికించండి.